దళారి పేరు గోడమీద, సన్నదు పోయిన వకీలు పేరు బీరువాలో

రాయ్‌పూర్‌లోని మన శాఖా కార్యాలయానికి 2025 వేసవిలో ఒక ట్రాక్‌మన్ వచ్చి, చేతిసంచిలోనుంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి బల్లపై పెట్టాడు. అతని తాత శ్రీకాకుళం ప్రాంతం నుంచి విజయనగరం లైను పనులకు కూలిగా వచ్చినవాడు. మూడు తరాలుగా ఆ కుటుంబానికి పట్టాలే ఆధారం. అనుమతి లేని గైరుహాజరు అనే అభియోగంపై ఎస్‌ఎఫ్-5 అందుకొని, విచారణ ముగిసి, ఉద్యోగం నుంచి తొలగింపబడ్డాడు. అప్పీలు 2022లో తిరస్కరింపబడింది. ఇక మిగిలిన దారి కేంద్ర పరిపాలనా ట్రిబ్యునలు. ఛత్తీస్‌గఢ్ ఉద్యోగుల కేసులను జబల్‌పూర్ బెంచి వింటుంది, బిలాస్‌పూర్‌లో సర్క్యూట్ సిట్టింగు జరుపుతుంది. చివరి ఉత్తర్వు అందిన నాటి నుంచి ఒక సంవత్సరంలోగా దరఖాస్తు దాఖలు కావాలి. అతడు గడువు ముగియడానికి ఎంతో ముందే, 2023 ఆరంభంలోనే, ఒక న్యాయవాదికి వకాల్తా వ్రాసి ఇచ్చాడు. భార్య పుస్తెలతాడు తాకట్టు పెట్టి ఫీజు చెల్లించాడు.

కవరులో ఉన్నవి మూడే కాగితాలు: తొలగింపు ఉత్తర్వు నకలు, ఫీజు తాలూకు చేతివ్రాత చీటీ, కేసు నెంబరు వ్రాసిన మరొక చీటీ. రెండు సంవత్సరాలుగా అతనికి అందుతున్న జవాబు ఒక్కటే, "వాయిదా పడింది" అని. మేము ఆ నెంబరు పట్టుకొని బిలాస్‌పూర్ వెళ్ళి విచారించాము. ఆ నెంబరు గల దరఖాస్తు వేరొక శాఖకు చెందిన వేరొక ఉద్యోగిది. మన ట్రాక్‌మన్ పేరిట దాఖలైనది ఏదీ లేదు. అక్కడ మరొక కేసు పనిమీద వచ్చిన ఒక వృద్ధ న్యాయవాది మా అవస్థ చూచి, "ఆయన సన్నదు అప్పుడు రెండేండ్లపాటు నిలుపుదలలో ఉన్నది కదండీ, మీకు తెలియదా?" అని అడిగారు.

మాకు తెలియదు. ఆ ట్రాక్‌మన్‌కు తెలియదు. వకాల్తా మీద సంతకం చేసిన నాటికి ఆ న్యాయవాదికి దేశంలోని ఏ న్యాయస్థానంలోనూ నిలబడే హక్కు లేదన్న సంగతి అతని తోటి న్యాయవాదులలో కొందరికి మాత్రమే తెలుసు. ఇక్కడ మేము దాచకుండా చెప్పవలసిన మాట ఒకటి ఉన్నది. ఆ న్యాయవాది వద్దకు ఆ ట్రాక్‌మన్‌ను పంపింది మన శాఖయే. పూర్వం ఆయన మన సభ్యుల కేసులు రెండు మూడు చక్కగా నడిపారు. ఆ నమ్మకంతో చిరునామా వ్రాసి ఇచ్చాము. కనుక ఈ వ్యాసంలో మేము చేయబోయే ఫిర్యాదు ముందుగా మాకే తగులుతుంది.

రైల్వే, తపాలా ఉద్యోగులమైన మన శిక్షలు ఎంత బహిరంగమో ఒకసారి తలచుకొందాము. ఎస్‌ఎఫ్-5 వచ్చినదంటే సాయంత్రానికల్లా సెక్షను మొత్తానికి తెలుస్తుంది. తపాలాలో రూలు 14 క్రింద చార్జిషీటు, రూలు 16 క్రింద మెమో, గ్రామీణ డాక్ సేవక్ అయితే పుట్ ఆఫ్ డ్యూటీ, వీటిలో ఏది వచ్చినా బ్రాంచి పోస్టాఫీసు ముందు స్టాంపుల కోసం నిలబడిన ముసలమ్మకు కూడా తెలుస్తుంది. ఇంక్రిమెంటు ఆగితే సర్వీసు పుస్తకంలో ఎక్కుతుంది, ప్రమోషను నాడు అది ఎదురుగా వచ్చి కూర్చుంటుంది. అప్పీలుకు నలభై అయిదు రోజులు. ఈ కఠినమైన పద్ధతిలో అన్యాయాలు ఎన్ని జరుగుతున్నవో మనకంటె బాగా తెలిసినవారు లేరు. వాటిపై మనం దశాబ్దాలుగా పోరాడుతూనే ఉన్నాము. కాని సస్పెన్షనులో ఉన్న మోటారుమన్ చేత రైలు నడిపించే పద్ధతి మాత్రం రైల్వేలో లేదు.

న్యాయవాదుల విషయంలో శాసనం ఏమంటున్నది? 1961 నాటి న్యాయవాదుల చట్టం 35వ సెక్షను ప్రకారం వృత్తిలో గాని, ఇతరత్రా గాని దుష్ప్రవర్తనకు పాల్పడిన న్యాయవాదిపై ఫిర్యాదు వస్తే రాష్ట్ర బార్ కౌన్సిల్ దానిని క్రమశిక్షణ సంఘానికి పంపాలి. ఆ సంఘం ఫిర్యాదును కొట్టివేయవచ్చు, న్యాయవాదిని మందలించవచ్చు, కొంతకాలం వృత్తి నుంచి నిలుపుదల చేయవచ్చు, లేదా పట్టిక నుంచి పేరు తొలగించవచ్చు. ఈ చివరిదానినే మన ప్రాంతంలో సన్నదు రద్దు అంటారు. నిలుపుదల కాలంలో అతడు భారతదేశంలో ఏ న్యాయస్థానంలోనూ, ఏ అధికారి ఎదుటా వాదించరాదు. హక్కు లేకుండా వాదించినవారికి 45వ సెక్షను క్రింద ఆరు నెలల వరకు ఖైదు విధించవచ్చు. రాష్ట్ర సంఘం తీర్పుపై అరవై రోజులలో భారత బార్ కౌన్సిల్‌కు, దాని తీర్పుపై మరి అరవై రోజులలో సుప్రీంకోర్టుకు అప్పీలు ఉన్నది. క్రమశిక్షణ సంఘంలో ముగ్గురుంటారు, ముగ్గురూ న్యాయవాదులే. కక్షిదారుల తరఫున కూర్చునేవారు ఒక్కరూ లేరు.

చట్టంలో ఇన్ని మెట్లున్నవి గాని, శిక్ష పడిన న్యాయవాది పేరును కక్షిదారుడు చూడగలిగిన చోట ప్రకటించాలన్న మాట మాత్రం లేదు. న్యాయస్థానపు నోటీసు బోర్డు మీద ఉంచాలని లేదు, పత్రికలో వేయాలని లేదు. ఉత్తర్వు ఇద్దరికి అందుతుంది, శిక్ష పడినవానికీ, ఫిర్యాదు చేసినవానికీ. మూడవవాడు, అనగా రేపు వకాల్తా మీద సంతకం చేయబోయేవాడు, చీకటిలోనే ఉంటాడు.

విచిత్రమేమంటే మన దేశపు చట్టాలకు న్యాయస్థానపు గోడమీద పేర్లు వ్రాయించడం కొత్త కాదు. 1879 నాటి లీగల్ ప్రాక్టిషనర్స్ చట్టం 36వ సెక్షనులోనే, కక్షిదారులను పోగుచేసి వకీళ్ళ వద్దకు తోలి కమీషను తినే దళారుల జాబితాను తయారుచేయాలనీ, దాని నకలును ఆయా న్యాయస్థానాలలో వ్రేలాడదీయాలనీ ఉండేది. ఆ పాత చట్టాన్ని తొలగిస్తూ పార్లమెంటు 2023లో న్యాయవాదుల చట్టాన్ని సవరించి, దళారుల జాబితా విషయాన్ని 45-ఏ సెక్షనుగా అందులో చేర్చింది. 2024 సెప్టెంబరు 30 నుంచి అది అమలులోకి వచ్చింది. దళారికి మూడు నెలల వరకు ఖైదు, ఐదు వందల రూపాయల వరకు జరిమానా. బ్రిటిషువాడు పెట్టిన నియమాన్ని నూట నలభై ఏళ్ళ తరువాత కూడా అవసరమని తలచి పార్లమెంటు కొనసాగించింది. మంచిదే. దళారి పేరు గోడకెక్కాలి. కాని ఆ దళారి తోలుకొని పోయేది ఎవరి దగ్గరకు? కక్షిదారుని డబ్బు తిన్నాడని రుజువై సన్నదు పోయిన వకీలు పేరు మాత్రం బీరువాలో ఉండాలా? చదువులేని వాని పేరు బయట, పట్టభద్రుని పేరు లోపల.

వైద్యుల నియమాలను చూడండి. భారత వైద్య మండలి 2002లో చేసిన వృత్తి ప్రవర్తన నిబంధనలలో, రిజిస్టరు నుంచి వైద్యుని పేరు తొలగిస్తే ఆ సంగతిని స్థానిక పత్రికలలోనూ, వైద్య సంఘాల ప్రచురణలలోనూ విరివిగా ప్రకటించాలని స్పష్టంగా వ్రాసి ఉన్నది. ఆచరణ ఎట్లున్నా నియమమంటూ ఉన్నది. శరీరం అప్పగించేవాడికి తెలియవలసినది, ఉద్యోగమూ ఇల్లూ అప్పగించేవాడికి తెలియనక్కరలేదా?

మరి సుప్రీంకోర్టు తీర్పుల సంపుటాలలో న్యాయవాదుల శిక్షల కథలు కనిపిస్తున్నవి కదా అని మీరు అడగవచ్చు. కనిపిస్తున్నవి. అవి ఎట్లా బయటపడినవో గమనించాలి. 2000 ఆగస్టులో సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. అప్పటికి మన రాయ్‌పూర్ ఇంకా మధ్యప్రదేశ్‌లోనే ఉన్నది. భోపాల్‌లోని ఒక సహకార బ్యాంకుకు పనిచేసిన న్యాయవాది, తనకు ఫీజు బాకీ ఉన్నదంటూ బ్యాంకు కేసుల ఫైళ్ళు తిరిగి ఇవ్వక తన వద్దనే అట్టిపెట్టుకొన్నారు. ఫిర్యాదు రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో సంవత్సరంలోగా తేలలేదు గనుక చట్టప్రకారం భారత బార్ కౌన్సిల్‌కు బదిలీ అయింది. అక్కడ పద్దెనిమిది నెలల నిలుపుదల, వేయి రూపాయల జరిమానా విధించారు. ఆయన సుప్రీంకోర్టుకు వెళ్ళగా, ఫీజు బాకీ పేరుతో కక్షిదారుని కాగితాలను ఆపే హక్కు న్యాయవాదికి లేదని కోర్టు నిర్ధారించింది, శిక్షను మాత్రం మందలింపుకు తగ్గించింది. మన సభ్యుడెవరైనా వకీలును మార్చదలచినప్పుడు "బాకీ తీర్చితేనే ఫైలు" అని వినిపిస్తే జ్ఞాపకం పెట్టుకోవలసిన తీర్పు ఇది.

1978లో వచ్చిన మద్రాసు కేసు ఇంకను బాధాకరమైనది. ప్రామిసరీ నోట్ల మీద దావా వేయమని ఒక చెవిటి వృద్ధుడు, ఒక వృద్ధురాలు న్యాయవాదికి కాగితాలు అప్పగించగా, ఆయన దావా వేయకుండానే వేశానని నమ్మించాడు. రాష్ట్ర బార్ కౌన్సిల్ ఆరు సంవత్సరాలు నిలుపుదల చేయగా, భారత బార్ కౌన్సిల్ దానిని ఒక సంవత్సరానికి తగ్గించింది. తరువాత జస్టిస్ కృష్ణయ్యర్ శిక్షలో కొంత భాగం పేదలకు ఉచిత న్యాయసేవ రూపంలో ఉండేటట్లు మార్చారు. ఆ మార్పు సరియైనదా కాదా అని మనం వాదించుకోవచ్చు. వాదించుకోగలుగుతున్నాము, ఎందుకంటే తీర్పు మన చేతిలో ఉన్నది.

మన ట్రాక్‌మన్ కథకూ ఆ వృద్ధుల కథకూ నడుమ నలభై ఏండ్ల దూరం ఉన్నది, మోసం మాత్రం అదే. కాని ఈ రెండు కేసులూ లోకానికి తెలిసింది శిక్ష పడిన న్యాయవాదులు పై కోర్టుకు వెళ్ళినందువల్ల. అప్పీలు చేయక మౌనంగా శిక్షను స్వీకరించి, బల్ల తీయక, బోర్డు దింపక, జూనియర్ సంతకంతో పని సాగించేవాని పేరు ఏ సంపుటంలోనూ ఉండదు. పోరాడినవాడు బయటపడతాడు, నక్కినవాడు గౌరవంగా ఉంటాడు.

ఈ సమస్య 2024 తరువాత మరింత బరువెక్కింది. ఆ సంవత్సరం మే 14న సుప్రీంకోర్టు, న్యాయవాది సేవలు వినియోగదారుల రక్షణ చట్టం పరిధిలోకి రావని తీర్పు చెప్పింది. 2007లో జాతీయ వినియోగదారుల కమిషను వస్తాయని చెప్పిన మాటను త్రోసిపుచ్చింది. న్యాయవాద వృత్తి వ్యాపారం వంటిది కాదు, అది విశిష్టమైనది అన్నది కోర్టు చెప్పిన కారణాలలో ఒకటి. తీర్పును మేము ఇక్కడ విమర్శించబోవడం లేదు. సివిలు కోర్టులో నష్టపరిహారపు దావా వేసుకొనే దారి ఇప్పటికీ ఉన్నది. కాని నెలజీతం పోయిన గ్యాంగుమనిషి, తన వకీలుపై దావా వేయడానికి మరొక వకీలును ఏ డబ్బుతో పెట్టుకొంటాడు? తక్కువ ఖర్చుతో ఎక్కగల మెట్టు ఒక్క బార్ కౌన్సిల్ మాత్రమే మిగిలింది. న్యాయస్థానాలు కోర్టు ధిక్కారం పేరిట సన్నదును తామే నిలిపివేయలేవనీ, ఆ అధికారం బార్ కౌన్సిళ్ళదేననీ సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1998 ఏప్రిల్ 17ననే చెప్పి ఉన్నది. ఇతర తలుపులు ఒకదాని తరువాత ఒకటి మూసుకొని, అధికారమంతా ఒక్క గదిలోకి చేరినప్పుడు ఆ గదికి కిటికీ ఉండడం అవసరం.

ఆ గదిలో పని ఎంత నిదానమో కూడా సుప్రీంకోర్టే గుర్తించింది. సంవత్సరంలోగా తేల్చవలసిన ఫిర్యాదులు తేలక, 36-బి సెక్షను క్రింద ఢిల్లీకి బదిలీ అయి అక్కడ పేరుకొనిపోతున్నవని చూచి, 2021 డిసెంబరులో ఒక కర్ణాటక కేసులో, రాష్ట్ర కౌన్సిళ్ళు సంవత్సరంలోగా పరిష్కరించాలనీ, బదిలీ అయినవాటిని భారత బార్ కౌన్సిల్ కూడా సంవత్సరంలోగా ముగించాలనీ ఆదేశించింది.

ప్రకటించదలచుకొంటే ప్రకటించడం బార్ కౌన్సిల్‌కు చేతకానిది కాదు. ఉత్తరప్రదేశ్‌లో మోటారు ప్రమాదాల, కార్మిక నష్టపరిహారాల బూటకపు క్లెయిములు దాఖలు చేశారన్న ఆరోపణపై 2021 నవంబరులో ఇరవై ఎనిమిది మంది న్యాయవాదులను భారత బార్ కౌన్సిల్ నిలుపుదల చేసి, ఆ సంగతిని పత్రికలకు తెలియజేసింది. 2019 నుంచి 2024 అక్టోబరు వరకు ఢిల్లీ పట్టిక నుంచి నూట ఏడు మంది నకిలీ న్యాయవాదుల పేర్లు తొలగించినట్లు కూడా ప్రకటించింది. అంటే కోర్టు గద్దించినప్పుడో, గగ్గోలు పుట్టినప్పుడో తలుపు తెరుస్తున్నారు. మేము కోరేది రోజూ తెరచి ఉండే తలుపు.

నష్టపరిహారాల మాట వచ్చింది గనుక రైల్వే కుటుంబాలకు ఒక హెచ్చరిక. రైలు ప్రమాదాలలో మరణించినవారి వారసులకు పరిహారం నిర్ణయించే రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునలు పాట్నా వ్యవహారంలో ఎన్‌ఫోర్సుమెంటు డైరెక్టరేటు 2025 జనవరిలో న్యాయవాదులను అరెస్టు చేసింది. వారసుల పేరిట బ్యాంకు ఖాతాలు తెరిపించి, వచ్చిన పరిహారంలో కొంతమాత్రం వారికిచ్చి, మిగిలినది మళ్ళించారన్నది అభియోగం. అది న్యాయస్థానంలో రుజువు కావలసి ఉన్నది. కాని నియమం ఏమిటో తెలిసికొనడానికి ఆ తీర్పు కొరకు ఆగనవసరం లేదు. వచ్చే పరిహారంలో వాటా మాట్లాడుకొనడం, గెలుపును బట్టి ఫీజు కుదుర్చుకొనడం భారత బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం నిషిద్ధం. "మీరు ఇప్పుడేమీ ఇవ్వవద్దు, వచ్చినదానిలో మూడవ వంతు" అని తియ్యగా చెప్పే న్యాయవాది ఆ మాటతోనే నియమం మీరినట్లు. ఈ సంగతి ప్రమాదంలో భర్త పోయిన స్త్రీకి ఎవరు చెప్పాలి? ఆమె ఇంటికి ముందుగా వెళ్ళేది మన సంఘం మనిషి. ఆ దళారి కంటె ఒక గంట ముందు వెళ్ళగలిగితే చాలు.

మన కోరికపై న్యాయవాద మిత్రులు కొందరు అభ్యంతరం చెప్పారు. వారి మాటను తేలికగా తీసివేయలేము. ఓడిపోయిన ప్రతి కక్షిదారుడూ వకీలుపై ఫిర్యాదు చేస్తాడనీ, ఫిర్యాదు రాగానే పేరు బయటపెడితే నిజాయితీపరుల బ్రతుకు బజారున పడుతుందనీ వారంటారు. నిజమే. దురుద్దేశంతో వేసిన చార్జిషీటు ఏమి చేయగలదో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. కనుక మేము ఫిర్యాదులను ప్రకటించమనడం లేదు. శిక్ష విధించిన ఉత్తర్వును, అది అమలులో ఉన్నంతకాలం, కారణాలతో సహా ప్రకటించమంటున్నాము. అప్పీలులో ఉంటే ఆ మాటా ప్రక్కనే వ్రాయండి. అప్పీలులో కొట్టివేయబడితే అంతే పెద్ద అక్షరాలతో ఆ సంగతిని వేయండి.

రెండవ అభ్యంతరం ఇంకా లోతైనది. ఛత్తీస్‌గఢ్‌లో ఆదివాసుల పక్షాన, కార్మికుల పక్షాన వాదించే న్యాయవాదులపై ఒత్తిళ్ళు కొత్త కాదు. 2015లో జగదల్‌పూర్‌లోని న్యాయవాదుల సంఘమే, బయటినుంచి వచ్చి ఆదివాసుల కేసులు చూస్తున్న న్యాయవాదులు అక్కడ వాదించరాదన్నట్టు తీర్మానించిన సంగతి మన పాఠకులు కొందరికి గుర్తుండవచ్చు. శిక్షల పట్టిక బహిరంగమైతే రేపు అటువంటివారి మీదనే దానిని ఆయుధంగా వాడరా అని ఒక మిత్రుడు అడిగారు. మేము చాలా సేపు ఆలోచించాము. 1968 సెప్టెంబరు 19 సమ్మె తరువాత, 1974 మే సమ్మె తరువాత మన మనుషులకు ఉచితంగా వకాల్తా పుచ్చుకొన్న వకీళ్ళను మన సంఘాలు మరచిపోలేదు. అటువంటివారికి హాని చేసే పనిని మనం కోరలేము.

కాని చరిత్ర మరొక విధంగా చెబుతున్నది. లండన్‌లోని ఇన్నర్ టెంపుల్ 1909లో శ్యాంజీ కృష్ణవర్మ పేరును తన పట్టిక నుంచి కొట్టివేసింది. 1922 నవంబరు 10న, రాజద్రోహం శిక్ష పడినందున, మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ పేరును కొట్టివేసింది. ఎవరిని, ఏ తేదీన, ఏ కారణంతో కొట్టివేశారో లోకానికి తెలుసు. తెలుసు గనుకనే ఆ కొట్టివేత అవమానం ఎవరిదో కూడా కాలం తేల్చింది. గాంధీ పేరును 1988లో, శ్యాంజీ పేరును 2015లో అదే సంస్థ తిరిగి చేర్చుకొన్నది. అన్యాయమైన శిక్షకు రక్షణ రహస్యంలో లేదు. బీరువాలో పెట్టిన అన్యాయపు ఉత్తర్వును ఎవరు ప్రశ్నించగలరు? ఇంగ్లండులో సొలిసిటర్ల క్రమశిక్షణ ట్రిబ్యునలు తన తీర్పులను ప్రకటిస్తున్నది. అమెరికాలో కాలిఫోర్నియా స్టేట్ బార్ వద్ద న్యాయవాది పేరు గాని నెంబరు గాని ఇస్తే, అతనిపై ఎప్పుడు ఏ శిక్ష పడిందో ఎవరైనా చూడవచ్చు. అక్కడి వకీళ్ళ వృత్తి కూలిపోలేదు.

రాయ్‌పూర్ వంటి చోట మన తెలుగు కుటుంబాలకు ఇది ఇంకను అవసరం. క్రింది కోర్టులలో వ్యవహారం హిందీలో, పై కోర్టులలో ఇంగ్లీషులో నడుస్తుంది. డబ్ల్యు.ఆర్.ఎస్. కాలనీలో పుట్టి పెరిగిన పిల్లలకు హిందీ వచ్చుగాని, న్యాయస్థానపు హిందీలోని ఉర్దూ మాటలు వారికీ కొరుకుడు పడవు. ఊరిలో బంధుబలం లేదు, వకీలును గురించి వాకబు చేయడానికి మేనమామ లేడు. ఎవరో ఒకరు చెప్పిన పేరే వేదవాక్కు. ఆ ఎవరో ఒకరు మేమే అయినామని పైన వ్రాశాము.

అందువల్ల రాయ్‌పూర్ శాఖ ఈ క్రింది మాటలను సమాఖ్య కార్యవర్గం ముందు తీర్మానంగా ఉంచింది. అమలులో ఉన్న నిలుపుదల, పేరు తొలగింపు ఉత్తర్వుల జాబితా ప్రతి జిల్లా న్యాయస్థానంలోనూ, ప్రతి ట్రిబ్యునలులోనూ, దళారుల జాబితా ప్రక్కనే, ఆ రాష్ట్రపు భాషలో ఉండాలి. భారత బార్ కౌన్సిల్ దేశమంతటికీ ఒక్క పట్టిక నిర్వహించి, నమోదు నెంబరుతో ఎవరైనా చూచుకొనేటట్లు చేయాలి. కేంద్ర న్యాయశాఖ 2025 ఫిబ్రవరిలో న్యాయవాదుల చట్టానికి సవరణల ముసాయిదా ప్రకటించి, న్యాయవాదుల ఆందోళన తరువాత అదే నెలలో వెనుకకు తీసికొన్నది. సమ్మె హక్కును అరికట్టే నిబంధనలపై వారి నిరసనను మనం అర్థం చేసికొనగలము. అది మళ్ళీ వచ్చిన నాడు కక్షిదారుల కోరిక కూడా బల్లమీద ఉండాలి.

చట్టం మారేవరకు చేయగలిగినవి కొన్ని ఉన్నవి. వకాల్తా మీద న్యాయవాది నమోదు నెంబరు, సంవత్సరం స్పష్టంగా వ్రాయించుకొనండి. ఛత్తీస్‌గఢ్ 2000 నవంబరు 1న ఏర్పడింది గనుక, అంతకు పూర్వం నమోదైనవారి పాత నెంబరు మధ్యప్రదేశ్‌ది కావచ్చు, దానికి అనుమానపడనక్కరలేదు. కేసు దాఖలైనదన్న మాటను మాటగా నమ్మవద్దు. జిల్లా కోర్టు, హైకోర్టు కేసులకు పదహారు అక్షరాంకెల సి.ఎన్.ఆర్. నెంబరు ఉంటుంది, ట్రిబ్యునలుకు తన సొంత నెంబరు ఉంటుంది. మన శాఖా కార్యాలయంలో ఇప్పుడు ఒక యువ సార్టింగ్ అసిస్టెంటు ప్రతి శనివారం సాయంత్రం సభ్యుల నెంబర్లను ఫోనులో సరిచూచి చెబుతున్నాడు. మొదటి నెలలోనే రెండు నెంబర్లు తప్పని తేలినవి, వాటిలో ఒకటి కేవలం వ్రాతపొరపాటు. బార్ కౌన్సిళ్ళు చట్టం సృష్టించిన సంస్థలు గనుక సమాచార హక్కు చట్టం వాటికి వర్తిస్తుంది. కేంద్ర సంస్థలకు పది రూపాయల పోస్టల్ ఆర్డరు చాలు, దానిని అమ్మేది మన కౌంటరులోనే. ఫిర్యాదు చేయదలచినవారు రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు, అనగా మన రాష్ట్రంలో బిలాస్‌పూర్‌కు, వ్రాతపూర్వకంగా పంపి, తేదీ గుర్తుంచుకొనండి. సంవత్సరం దాటితే 36-బి సెక్షను చూపండి.

ఇతర శాఖల కార్యదర్శులకు ఒక మనవి. మీ వద్ద సిఫారసు చేసే న్యాయవాదుల జాబితా ఉంటే, దానిలోని ప్రతి పేరుకు ఎదురుగా నమోదు నెంబరు, చివరిసారి విచారించిన తేదీ వ్రాయండి. మా జాబితాలో పదకొండు పేర్లుండగా, తేదీ ఒక్కదాని ఎదుట కూడా లేదు.

ఆ ట్రాక్‌మన్ పక్షాన ఆలస్యాన్ని మన్నించమనే దరఖాస్తుతో సహా కొత్త న్యాయవాది ద్వారా కేసు దాఖలైనది. ఫీజు శాఖా నిధి నుంచి చెల్లించాము, అది దానం కాదు, మా బాకీ. అసలు విచారణ నివేదిక, సాక్షుల వాఙ్మూలాలు ఇప్పటికీ పాత న్యాయవాది వద్దనే ఉన్నవి. వాటిని తిరిగి ఇవ్వవలసినదిగా కోరుతూ రెండు ఉత్తరాలు వ్రాశాము. మొదటిదానికి రసీదు వచ్చింది, జవాబు రాలేదు.